జాషువా మతం సర్కారుకెందుకు?

కోటిపల్లి రేవులో గోదావరి దాటితే ముక్తేశ్వరం. ఊరి పేరే శివుడిది. ఆదివారం చర్చికెళ్ళే దళితులు కాగితం మీద హిందువులుగానే ఉండాల్సిన పరిస్థితి కోనసీమలో మామూలే. ఆ మాట వచ్చినప్పుడల్లా మాకు గుర్రం జాషువా గుర్తొస్తారు.

1895లో వినుకొండలో క్రైస్తవ ఇంట పుట్టారు. తల్లి లింగమ్మ మాదిగ, తండ్రి వీరయ్య యాదవ. బాప్తిస్మం ఆయన్ని అంటరానితనం నుంచి తప్పించలేదు. బడిలోనూ అవమానాలే. హిందూ కథలతో పద్యాలు రాస్తే క్రైస్తవ పెద్దలకు కోపం. గబ్బిలం కావ్యంలో ఆయన దళితుడికి గుడి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకే కాశీ శివుడికి దానితోనే మొర పంపాడు. కులం మతం మారినా వదలదనడానికి ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి?

ప్రభుత్వానికి ఆ సాక్ష్యం పట్టలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా లేకుండా చేసింది. తర్వాత 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. మతంతో పనిలేదనే రాజ్యం మన కులాన్ని గుర్తించే ముందు మతం అడుగుతుంది.

క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు, ఆ ఏడే శాసనమండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్. అదే 1970లో రాష్ట్రం క్రైస్తవం తీసుకున్న దళితుల్ని బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చింది. కవికి బిరుదు, ఆయన జనానికి ఒక్క శాతం!

1971 జూలై 24న జాషువా కన్నుమూశారు. ఆ ఉత్తర్వు మీద 2004లో వేసిన కేసు సుప్రీంకోర్టులో ఇంకా తేలలేదు.