వందేమాతరం పత్రికా స్థాపకుడు బిపిన్ చంద్రపాల్

ఆంధ్రదేశంలో స్వదేశీ ఉద్యమానికి ఊపిరి పోసిన ఆంధ్రేతరులలో బిపిన్ చంద్రపాల్‌ది అగ్రస్థానం. లాల్-బాల్-పాల్ త్రయంలో ఒకరుగా, మహావక్తగా ఆయన ఖ్యాతి లోకవిదితం. అయితే ఐదు వందల రూపాయలతో ఒక దినపత్రికను ఆరంభించి, అది తన చేయి దాటిపోయిన తరువాత కూడా దాని కోసం కారాగారవాసం అనుభవించిన సంపాదకునిగా ఆయన చరిత్ర కొద్దిమందికే తెలుసు.

పాల్ 1858 నవంబరు 7న నేటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంలో పొయిల్ గ్రామంలో జన్మించారు. తండ్రి రామచంద్రపాల్ పారశీక భాషా పండితులు, చిన్న జమీందారు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతుండగా పాల్ బ్రహ్మసమాజంలో చేరారు. అందుకు ఆగ్రహించిన తండ్రి ఆయనను దూరం చేసుకున్నారు. పట్టా చేతికి రాకుండానే చదువు ముగిసింది. జీవనోపాధికై కటకంలోనూ, తరువాత బెంగుళూరులోనూ ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. 1881లో బొంబాయిలో ఒక బాలవితంతువును వివాహమాడి సంస్కరణను ఆచరణలో చూపారు. 1895లో విజయకృష్ణ గోస్వామికి శిష్యులై వైష్ణవ భక్తి మార్గం వైపు మరలారు. దేశభక్తిని దైవభక్తితో ముడివేసిన ఆయన రాజకీయ చింతనకు మూలం ఇక్కడే ఉంది.

1905లో బెంగాల్ విభజన జరిగింది. విన్నపాలతో, మహజర్లతో ఫలితం లేదని తలచిన జాతీయవాదులకు తమ వాణి వినిపించే ఆంగ్ల దినపత్రిక అవసరమైంది. 1906 ఆగస్టు 6న కలకత్తాలో పాల్ ‘వందేమాతరం’ పత్రికను ప్రారంభించారు. బంకించంద్రుని గీతం నుండి తీసుకున్న ఆ పేరే పత్రిక సిద్ధాంతాన్ని చాటింది. దేశం మట్టి కాదు, మాత. ఆమె సేవ రాజకీయం కాదు, ఆరాధన అన్నది దాని సారం.

ఆశయం ఘనమైనదే కాని పెట్టుబడి స్వల్పం. హరిదాస్ హల్దార్ విరాళంగా ఇచ్చిన ఐదు వందల రూపాయలే మూలధనం. కాగితం, సిరా, అచ్చుకూలి దినదినం కావలసిన పత్రికకు ఆ సొమ్ము ఎంతకాలమో నిలిచేది కాదు. పైగా పాల్ ప్రచార యాత్రలకు తరచు వెళ్లవలసి వచ్చేది. తాను లేని సమయంలో సహకరించమని ఆయన అరవింద ఘోష్‌ను కోరారు. అరవిందులు సమ్మతించడమే గాక, యువ జాతీయవాదులను సమావేశపరచి, పత్రికను తమ పక్షపు పత్రికగా స్వీకరింపజేశారు. జాతీయ విద్యకు లక్ష రూపాయలు దానం చేసిన సుబోధ్ చంద్ర మల్లిక్, ఆయన బంధువు నీరద్ మల్లిక్ ఆర్థిక భారానికి భుజం కాశారు. పత్రిక నిర్వహణకై వాటాల కంపెనీ ఏర్పడింది.

ధనం సమకూరిన కొద్దీ అధికారం స్థాపకుని చేతి నుండి జారిపోయింది. సహచర రచయితలతో పాల్‌కు పొసగలేదు. రహస్య విప్లవ మార్గం ఆయనకు సమ్మతం కాదు. 1906 చివర ఆయన సంపాదకత్వం వదలవలసి వచ్చింది. అరవిందులు తీవ్ర జ్వరంతో ఉండగా, వారి అనుమతి లేకుండానే వారి పేరు సంపాదకునిగా ప్రకటితమైంది. వారు తీవ్రంగా ఆక్షేపించగా దానిని తొలగించారు. అటుపై పత్రికపై సంపాదకుని పేరు కనిపించలేదు.

1907 ఏప్రిల్‌లో పాల్ ఆంధ్రలో పర్యటించారు. ముట్నూరి కృష్ణారావు ఆ యాత్రకు పూనుకున్నారు. విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం, బెజవాడ, బందరు పట్టణాలలో సభలు జరిగాయి. రాజమహేంద్రవరంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం ఆయన ఉపన్యాసాలను తెలుగులో వినిపించారు. అచ్చట వందేమాతర నినాదం చేసిన విద్యార్థులపై శిక్షలు పడ్డాయి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు కళాశాల నుండి బహిష్కృతులయ్యారు. 1910లో బందరులో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలకు ఈ యాత్రే బీజం.

అదే సంవత్సరం ఆగస్టులో ప్రభుత్వం పత్రికపై రాజద్రోహ నేరం మోపి అరవిందులను నిర్బంధించింది. సంపాదకుడు వారేనని రుజువు చేయడానికి ముద్రితమైన పేరు లేదు. ప్రభుత్వం పాల్‌ను సాక్షిగా పిలిచింది. తనను తొలగించిన పత్రికపై కక్ష తీర్చుకోవడానికి అంతకు మించిన అవకాశం లేదు. కాని ఆయన సాక్ష్యం చెప్పడానికి నిరాకరించారు. ఫలితంగా ఆరు మాసాల జైలుశిక్ష పడింది. సెప్టెంబరు 23న అరవిందులు నిర్దోషిగా విడుదలయ్యారు. ముద్రాపకుడు మాత్రం శిక్షకు గురయ్యాడు. పాల్ 1908 మార్చిలో విడుదలయ్యారు.

పత్రిక ఆయుర్దాయం మరెంతో లేదు. 1908 మేలో అలీపూర్ బాంబు కేసులో అరవిందులు మరల జైలు పాలయ్యారు. ధనాభావం తీవ్రమైంది. జూన్‌లో వచ్చిన పత్రికల చట్టం ముద్రణాలయాలను జప్తు చేసే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. అప్పులతో దీనంగా మూతపడడం కన్న ప్రభుత్వం చేత మూయించుకోవడమే గౌరవమని నిర్వాహకులు తలచారు. విజయ్ ఛటర్జీ అందుకు తగిన వ్యాసం వ్రాశారు. 1908 అక్టోబరులో పత్రిక ముగిసింది. 1910లో అరవిందులు, యానాం కూడా ఏ పాలన కింద ఉండెనో ఆ ఫ్రెంచి పాలనలోని పుదుచ్చేరికి చేరుకున్నారు.

పాల్ లండన్ వెళ్లి ‘స్వరాజ్’ పత్రిక నడిపారు. అదీ నిలవలేదు, కడు దారిద్ర్యం అనుభవించి 1911లో స్వదేశానికి తిరిగి రాగా మరల జైలు స్వాగతం పలికింది. 1921లో బారిసాల్ సభలో గాంధీజీ మార్గాన్ని విమర్శించి ప్రజాదరణ కోల్పోయారు. తాను నమ్మని దానిని జనం మెప్పు కోసం అంగీకరించడం ఆయన స్వభావంలో లేదు. 1932 మే 20న కలకత్తాలో పరమపదించారు.

రెండేళ్లకు పైగా మాత్రమే జీవించిన ‘వందేమాతరం’ లాభనష్టాల లెక్కలో విఫలమైన పత్రికే. కాని అది నాటిన స్వరాజ్య భావన మాత్రం దేశమంతటా వేరూనింది. తన పేరు తొలగిన పత్రిక కోసం శిక్షను అనుభవించిన బిపిన్ చంద్రపాల్ పేరును ఆ చరిత్ర నుండి వేరు చేయడం సాధ్యం కాదు.