గిరిజన బంధువు ఆచార్య హైమన్‌డార్ఫ్

గోదావరి తీరాన, దట్టమైన అడవుల నడుమ వెలసిన ఏటూరునాగారం ప్రాంతంలో కోయ కుటుంబానికి భూమియే సర్వస్వం. అది చేజారితే ఆ ఇంటికి మిగిలేది కూలి బ్రతుకే. అట్టి భూమిని గిరిజనేతరుడు కొనరాదని నేడు చట్టం శాసిస్తున్నది. ఈ రక్షణ ఒక్కనాటిలో లభించినది కాదు. నైజాము రాజ్యంలో దీనికి పునాది పడిన వేళ, అందుకై పాటుపడిన వారిలో అగ్రగణ్యులు ఒక విదేశీయుడు. ఆయనే ఆచార్య క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం అభ్యసించి డాక్టరేటు పొందారు. 1936లో అస్సాం కొండలకు వచ్చి నాగాల మధ్య నివసించి పరిశోధన సాగించారు. 1939లో రెండవసారి భారతదేశానికి రాగానే రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. జర్మను పాస్‌పోర్టు కలిగియున్నందున ఆంగ్ల ప్రభుత్వం ఆయనను శత్రుదేశీయునిగా పరిగణించి, హైదరాబాదు సంస్థానం దాటరాదని నిర్బంధించింది. ఆ నిర్బంధమే గిరిజనులకు వరమైంది. సహధర్మచారిణి బెట్టీతో కూడి ఆయన నల్లమల చెంచుల నడుమ, పిదప గోదావరి కొండరెడ్ల నడుమ, ఆపై ఆదిలాబాదు గోండుల నడుమ కాపురముండి వారి జీవితాన్ని కన్నులారా చూచారు.

ఆ కాలంలో గిరిజనుల దుస్థితి వర్ణనాతీతం. తరతరాలుగా సాగుచేసిన భూమికి వారి వద్ద పట్టా లేదు. పట్వారీ రికార్డులలో వారి పేరుండదు. సాహుకారు వద్ద తెచ్చిన గింజల అప్పు వడ్డీతో పెరిగి పొలాన్నే మ్రింగివేసేది. మరొకవైపు అడవి సర్కారు రక్షితారణ్యంగా మారి, పోడు సాగు నేరమైంది. కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. వాటిపై వేలిముద్ర వేసినవానికి అందులో ఏమున్నదో తెలియదు. ఈ అన్యాయాన్ని ఎదిరించి కొమురం భీము 1940లో జోడేఘాట్ వద్ద ప్రాణాలర్పించాడు. ఆ రక్తం చిందిన తరువాతనే ప్రభుత్వం కళ్ళు తెరచి, గోండుల కష్టాలకు కారణాలు తెలుపవలసిందిగా హైమన్‌డార్ఫ్‌ను కోరింది.

ఆయన నివేదికలు కేవలం పాండిత్య ప్రదర్శనలు కావు. తిరుగుబాటుకు మూలం భూమి పోవడమేనని అవి నిష్కర్షగా తేల్చాయి. 1943లో మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు కేంద్రం వెలసింది. పిల్లలకు గోండీ భాషలోనే ఓనమాలు నేర్పారు. 1945లో ఆయన గిరిజన, వెనుకబడిన తరగతుల సలహాదారుగా నియుక్తులయ్యారు. ఆ దశాబ్దంలో ఆదిలాబాదు జిల్లాలో లక్షన్నర ఎకరాలకు పైగా భూమి గిరిజనుల పేర పట్టా అయింది. ఫసలీ 1356లో, అనగా 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషను వెలువడింది. ఏ భాషలోని కాగితం పేదవాని పొలాన్ని హరించిందో, ఆ భాష నడిపిన ప్రభుత్వమే అతనికి రక్షణ శాసనం చేయడం గమనార్హం.

ఆ బాటలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసిన 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషనును 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970 సవరణ దానికి పదును పెట్టింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని స్వాధీనంలోని భూమి గిరిజనుని నుండి సంక్రమించినదే అని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకొనే భారం అనుభవదారునిదే. కాగితం లేని నిరుపేదకు ఇంతకు మించిన అండ ఏమున్నది? 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది.

అయితే శాసనం పుస్తకంలో ఉన్నంత మాత్రాన పొలం తిరిగిరాదు. ఆచార్యులు లండనులో చాలాకాలం బోధించి, 1970వ దశకంలో మళ్ళీ ఈ పల్లెలకు వచ్చారు. తాము పట్టాలిప్పించిన భూములు అనేకం వలసదారుల పాలైనట్లు చూచి ఎంతో ఖిన్నులయ్యారు. ఆ వేదనను 1982లో గ్రంథరూపంలో లోకానికి తెలిపారు.

బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూయగా ఆమెను మార్లవాయిలో ఖననం చేశారు. ఆచార్యులు 1995లో లండనులో పరమపదించారు. తరువాత ఆయన అస్థికలు కూడా ఆమె సమాధి చెంతకే చేరాయి. నేటికీ గోండులు ఆ దంపతులను భక్తితో స్మరిస్తారు.

విద్యార్థి మిత్రులారా! చట్టం చదువురాని వానికై పుట్టినది. కాని దానిని చదివి వినిపించవలసినవారు చదువుకున్నవారే. ఒక కోయ ఇంటి గడపలో కూర్చుండి ఒక కాగితాన్ని చదివి అర్థం చెప్పగలిగితే, ఆ మహనీయునికి మనం అర్పించే నిజమైన నివాళి అదే.