ఆ తిలక్ కాదు, ఈ తిలక్: రైల్లో మొదలైన ఒక మాట

తుకారాం మహరాజ్ అభంగాల మీద చేసిన వీడియోలో ఒకాయన కథ చెబుదామనుకుని వదిలేశాను. రెండు ముక్కల్లో చెప్తే తప్పుగా వెళ్తుంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆయన పేరు నారాయణ వామన్ తిలక్. లోకమాన్య తిలక్ కాదండోయ్! ఇద్దరూ కొంకణ్ చిత్పావన్ బ్రాహ్మలే, ఇద్దరిదీ ఒకే కాలం. కానీ ఈయన కవి. పూల మీదా పిల్లల మీదా రాసిన కవిగా మరాఠీవాళ్ళు ఇప్పటికీ ప్రేమగా తలచుకుంటారు.

1861లో రత్నగిరి జిల్లా కరజ్‌గావ్‌లో పుట్టారు. తండ్రి కోపిష్టి. తల్లి జానకీబాయి భక్తురాలు, కవిత్వం ఆవిడ దగ్గర్నుంచే వచ్చింది. ఆవిడ పోయేసరికి ఈయన ఇంకా చిన్నపిల్లాడు. తర్వాత నాసిక్ చేరి సంస్కృతం చదువుకున్నారు. పదకొండేళ్ళ లక్ష్మితో పెళ్ళయింది. ఒక ఊళ్ళో కాలు నిలిచే మనిషి కాదు. కులాల గోడలు దేశాన్ని తినేస్తున్నాయన్న బాధ మాత్రం ఎక్కడికెళ్ళినా వెంటే ఉండేది.

1893 ప్రాంతంలో నాగపూర్ నుంచి రాజ్‌నాంద్‌గావ్ వెళ్ళే రైలెక్కారు. అదే పెట్టెలో ఒక తెల్లాయన ఉన్నారు. ఆ రోజుల్లో తెల్లవాళ్ళు ఉన్న పెట్టెలో మనవాళ్ళకి ఎలాంటి మర్యాద దొరికేదో తెలిసిందేగా. ఈయన మాత్రం ఆదరంగా పలకరించారు. మాటలు సంస్కృత కవిత్వంతో మొదలయ్యాయి. తిలక్‌కి ప్రాణమైన విషయం! చాలాసేపటికి మాట క్రీస్తు మీదకి వచ్చింది. దిగబోయే ముందు ఆయన కొత్త నిబంధన చేతిలో పెట్టి, చదువుతానని మాట తీసుకున్నారు. రెండేళ్ళలో మీరు క్రైస్తవులవుతారని కూడా అన్నారట. తిలక్ అదేం నమ్మలేదు. కానీ మాట ఇచ్చాను కదా అని చదవడం మొదలుపెట్టారు. కొండమీద ప్రసంగం దగ్గరికి వచ్చాక పుస్తకం కింద పెట్టలేకపోయారు.

ఇక్కడ ఒక్క నిమిషం. ఎదుటివాడి దేవుణ్ణి తిట్టి తన దేవుణ్ణి అమ్ముకునేవాళ్ళు అన్ని మతాల్లోనూ ఉన్నారు, మన వైపు కూడా లేరని అనను. ఆ రైల్లో మాట ఎదుటివాడికి ఇష్టమైనదాంతో మొదలైంది. నేను విఠలుడి మనిషినే, అయినా ఆ పద్ధతి నాకు నచ్చింది.

1895 ఫిబ్రవరి 10న బొంబాయిలో తిలక్ బాప్తిస్మం తీసుకున్నారు. రైల్లో పడ్డ ఆ విత్తనం ఖరీదు కట్టింది మాత్రం లక్ష్మీబాయి. భర్త బతికే ఉన్నాడు, కానీ కులం లెక్కలో లేనట్టే. పసివాడైన కొడుకుని తీసుకుని ఆవిడ ఎక్కడికి వెళ్ళారో తెలుసా? పండరీపురం. విఠోబా ఊరికి! ఏళ్ళ తరబడి దంపతులు విడివిడిగానే ఉన్నారు. చివరికి భర్త దగ్గరికి చేరినా మడి, వంట అన్నీ వేరే. క్రైస్తవుడి ఇంట్లో మడి వంట, ఊహించుకోండి. ఆ మడిని విడిపించింది ఏ పాద్రీ కాదు. కులం దేవుడు చేసింది కాదు, మనుషులు పెట్టుకున్నదే అని ఆవిడే ఆలోచించుకుని తేల్చుకున్నారు, తర్వాత ఎవరు ఇచ్చినా తిన్నారు, తాగారు. 1900లో ఆవిడా బాప్తిస్మం తీసుకున్నారు. మతం మారడం గొప్పా, మారకపోవడం గొప్పా అని నేను ఇక్కడ తీర్పు చెప్పను. కానీ ఆ ఏళ్ళని పక్కన పెట్టి తిలక్‌ని మహాకవి అని పొగిడేవాళ్ళ మాట నాకు మింగుడుపడదు.

మతం మారిన తిలక్ మన పాటని వదల్లేదు. అహ్మద్‌నగర్‌లో ఉంటూ క్రీస్తు మీద అభంగాలు కట్టారు, కీర్తనలు చేశారు. తనను క్రీస్తు దగ్గరికి నడిపిన వంతెన తుకారామేనని ఆయన నమ్మకం. అప్పటిదాకా ఇంగ్లీషు ట్యూన్లకి అనువాదాలు పాడుకుంటున్న మరాఠీ చర్చిలు ఆయన పాటలు అందుకున్నాయి, ఇవాళ్టికీ పాడుతున్నాయి. 1917లో మిషన్ జీతం వదిలేసి సన్యాసం తీసుకున్నారు. సతారాలో దేవుని దర్బారు అని ఒక బృందం పెట్టారు. అందులో చేరడానికి బాప్తిస్మం తీసుకుని ఉండాలన్న షరతు లేదు! మిషన్‌లో కొందరికి ఇది ఇబ్బందిగానే ఉండి ఉంటుందని నా ఊహ.

అది నిలదొక్కుకునేలోపే, 1919 మే 9న బొంబాయిలో వెళ్ళిపోయారు. రామాయణంలా ఓవీ ఛందస్సులో మొదలుపెట్టిన క్రిస్తాయన్ పది పదకొండు అధ్యాయాల దగ్గరే ఆగిపోయింది. మిగతా అరవైకి పైగా అధ్యాయాలు రాసింది ఎవరనుకున్నారు? బడి మొహం చూడని లక్ష్మీబాయి. ఆవిడ ఆత్మకథ స్మృతిచిత్రే కూడా 1930లలో వచ్చింది. భర్తని వెక్కిరిస్తూ, తనని తాను వెక్కిరించుకుంటూ రాశారు. దొరికితే చదవండి, పండరీపురం రోజులు అందులోనే ఉన్నాయి.

పాండురంగ విఠల!