కొమర్రాజు లక్ష్మణరావు

విద్య బడితోనే ముగియునని పలువురు తలంతురు. పరీక్షలలో ఉత్తీర్ణులైనవారు పుస్తకములను అటకమీద పెట్టి మరచిపోవుదురు. బడి ముఖము చూడనివారు తమకు ఆ భాగ్యము ఇక లేదని నిట్టూర్తురు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. నేర్చుకొనుటకు వయస్సుతో పనిలేదు. వ్యవసాయము చేయువాడును, అంగడి నడుపువాడును, ఇల్లు చక్కబెట్టు గృహిణియు తమ మాతృభాషలో చరిత్రమును, ప్రకృతిశాస్త్రమును, దేశదేశముల విశేషములను తెలిసికొనవచ్చును; తెలిసికొనవలెను. ఈ విశ్వాసముతో తమ జీవితమును ధారపోసిన మహనీయులు కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే నెల 18వ తేదీన కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. మూడేండ్ల ప్రాయముననే ఆయన తండ్రిని కోల్పోయిరి. సవతి అన్నయగు శంకరరావుగారు కుటుంబభారమును వహించిరి. తెలంగాణములోని భువనగిరిలో లక్ష్మణరావుగారి ప్రాథమిక విద్య సాగెను.

ఆయనకు అచ్చమాంబ అను అక్కగారు కలరు. ఆమె 1874లో జన్మించెను. ఆనాటి ఆచారము ననుసరించి ఆరేండ్లకే ఆమెకు మేనమామయగు భండారు మాధవరావుగారితో వివాహము జరిగెను. మాధవరావుగారు మధ్యపరగణాలలో ఉద్యోగము చేయుచుండిరి. లక్ష్మణరావుగారు పై చదువులకై అక్కగారి యింటికి చేరిరి. నాగపురములో ఆయన ఉన్నత విద్య నభ్యసించిరి.

అచ్చమాంబగారు బడికి పోయి చదివినవారు కారు. తమ్ముడు ఇంట పాఠములు చదువుకొనుచుండగా ఆమెయు వానిని నేర్చుకొనెను. తెలుగు, హిందీ, మరాఠీ భాషలలో జ్ఞానము సంపాదించెను. కన్నబిడ్డలను పోగొట్టుకొని దుఃఖములో మునిగియున్న దినములలోను ఆమె పుస్తకమును విడువలేదు. భారతదేశపు విదుషీమణుల, వీరవనితల జీవితములను వెదకి కూర్చి అబలా సచ్చరిత్ర రత్నమాల అను గ్రంథమును రచించెను. 1902లో ధనత్రయోదశి అను కథను వ్రాసెను. బడి తలుపు మూసియున్నంత మాత్రమున చదువు మూసికొనిపోదని లక్ష్మణరావుగారు ఏ గ్రంథమునను చదివి తెలిసికొనలేదు. తమ యింటనే కన్నులార చూచిరి. అవకాశము కల్పించినచో ఎవరైనను, ఏ వయస్సుననైనను విద్వాంసులు కాగలరని ఆయనకు కలిగిన దృఢవిశ్వాసమునకు అక్కగారి జీవితమే తొలి నిదర్శనము.

నాగపురవాసము మరియొక మేలు చేసెను. లక్ష్మణరావుగారు మరాఠీ భాషలో మాతృభాషవలె వ్రాయగల నేర్పు సంపాదించిరి. మహారాష్ట్రులు తమ చరిత్రమును తామే పరిశోధించుకొని, తమ భాషలోనే గ్రంథములు ప్రకటించుకొనుచుండుట ఆయన గమనించిరి. సంస్కృతము, ఆంగ్లము, హిందీ, ఉర్దూ, బెంగాలీ భాషలతోడను ఆయనకు పరిచయము కలిగెను. ఇతర భాషల సంపదను చూచినకొలది తెలుగున ఆ సంపద లేకపోవుట ఆయనను బాధించెను. కావ్యములకు, పురాణములకు తెలుగున కొదువ లేదు. కాని నిప్పు ఏల మండునో, మన పూర్వులు ఎట్లు జీవించిరో తెలుపు పుస్తకములు మిక్కిలి అరుదు. ఆంగ్లము రానివానికి ఆ విద్యలు అందని పండ్లుగా నుండెను.

1900 ప్రాంతమున పట్టభద్రులై, 1902లో ఎం.ఏ. పరీక్షయందును ఆయన ఉత్తీర్ణులైరి. ఆ కాలమున అట్టి పట్టము పొందినవారికి ప్రభుత్వోద్యోగము సులభముగా లభించెడిది. లక్ష్మణరావుగారు మాత్రము మునగాల జమీందారగు రాజా నాయని వేంకట రంగారావుగారి సంస్థానమున దివానుగా చేరిరి. మునగాల పరగణా నాడు ఆంగ్లేయుల ఏలుబడిలోని కృష్ణా మండలమునకు చేరినదే యైనను, దాని చుట్టును నిజాము రాజ్యమే వ్యాపించియుండెను. రాజావారు విద్యాభిమానులు. ఇట్లు లక్ష్మణరావుగారికి హైదరాబాదు నగరముతోడి సంబంధము బలపడెను.

ఆనాడు హైదరాబాదు రాజ్యములో తెలుగు మాటలాడు ప్రజలు అధిక సంఖ్యలో నుండినను, కచేరీలలోను న్యాయస్థానములలోను ఉర్దూయే నడచుచుండెను. తెలుగు చదివించు పాఠశాలలు కొలదిగా నుండెను. తెలుగు పుస్తకము కావలెనన్నను, తెలుగు పత్రిక చూడవలెనన్నను సామాన్యునకు తావు లేకుండెను. ఈ కొరత తీర్చుటకు రావిచెట్టు రంగారావుగారు, నాయని వేంకట రంగారావుగారు, ఆదిపూడి సోమనాథరావుగారు మున్నగు మిత్రులతో కలిసి లక్ష్మణరావుగారు ఆలోచించిరి. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన, రెసిడెన్సీ బజారులోని రంగారావుగారి స్వగృహముననే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను.

ఆ స్థలమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఆంగ్ల ప్రభుత్వ ప్రతినిధియగు రెసిడెంటు నివసించు భవనము కోఠి ప్రాంతమున నుండెను. దాని చుట్టునున్న అంగళ్ల వీధులకు రెసిడెన్సీ బజారులని పేరు. ఆ వీధుల పాలన రెసిడెంటు అధికారములో నుండుటచే, సభలకును సంఘములకును అచ్చట కొంత వెసులుబాటు కలిగెను. 1933లో ఆ ప్రాంతము మరల నిజాము ప్రభుత్వమునకు చేరెను. అదియే నేటి సుల్తాన్ బజార్. వర్తకుల కేకల నడుమ, బట్టల అంగళ్ల సరసన, ఇట్లు ఒక సరస్వతీ మందిరము వెలసెను.

స్థాపకులు దానికి పుస్తకశాల యని మాత్రమే పేరు పెట్టలేదు, భాషానిలయము అనిరి. ఆ పేరులోనే వారి ఉద్దేశము కలదు. గ్రంథములను భద్రపరచుట ఒక్కటే దాని పని కాదు. అచ్చట పత్రికలు చదువుకొనవచ్చును. అచ్చట సభలు జరుగును. చదువు ముగించినవారును, చదువు దొరకనివారును ఒకే చాపపై కూర్చుండి పండితుల ఉపన్యాసములు వినవచ్చును. పుస్తకము అక్షరము వచ్చినవానికే ఉపయోగపడును. ఉపన్యాసము అక్షరము రానివానికిని అందును. విన్నవానికి చదువవలెనను కోరిక పుట్టును. చదివినవానికి పదుగురితో చర్చింపవలెనను ఉత్సాహము కలుగును. ఈ విధముగా గ్రంథమును ఉపన్యాసమును ఒకదానికొకటి తోడైనవి.

నేడు మనకిది సామాన్య విషయముగా తోచవచ్చును. ఆనాటి పరిస్థితి అట్టిది కాదు. నిలయము వెలసి ఇరువది యేండ్లు గడచిన తరువాత, 1921 నవంబరులో, హైదరాబాదులోని వివేకవర్ధిని నాటకశాలలో సంఘసంస్కార మహాసభ జరిగెను. కార్వే పండితుడు దానికి అధ్యక్షుడు. ఆ సభలో ఇతర భాషల ప్రసంగములను ఓర్పుతో వినిన సభ్యులు, ఆలంపల్లి వేంకట రామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగనే పరిహసించి గోల చేసిరి. తెలుగువారు అధికముగా గల రాజ్యపు ముఖ్యనగరములోనే తెలుగు ప్రసంగమునకు గౌరవము లేకపోయెను. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము జన్మించెను. అట్టి నగరములో, అంతకు రెండు దశాబ్దములకు పూర్వమే, తెలుగు ఉపన్యాసమునకు ఒక స్థిరమైన వేదికను కల్పించిన వారి దూరదృష్టి ఎంతటిదో దీనివలన గ్రహింపవచ్చును.

ఆ నిలయము నీడలో పెరిగినవారిలో ఆదిరాజు వీరభద్రరావుగారు ఒకరు. చిన్ననాట తండ్రిని కోల్పోయిన ఆ బాలునకు రావిచెట్టువారి యింట ఆశ్రయము లభించెను. నిలయమందలి గ్రంథములతోడను, అచ్చటికి వచ్చు పండితులతోడను కలిగిన సహవాసము ఆయనను గొప్ప చరిత్ర పరిశోధకునిగా తీర్చిదిద్దెను. 1910లో రంగారావుగారు మరణించిరి. ఆయన సతీమణి లక్ష్మీనరసమ్మగారు నిలయమునకు ధనసహాయము చేసి భర్త ఆశయమును నిలిపిరి.

హైదరాబాదులో వెలిగిన దీపము ఇతర స్థలములకును వ్యాపించెను. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధని గ్రంథాలయమును వెలసెను. ఆ 1905వ సంవత్సర ప్రారంభముననే లక్ష్మణరావుగారికి తీరని దుఃఖము సంభవించెను. అక్కగారైన అచ్చమాంబగారు ముప్పది యొక్క యేండ్ల ప్రాయమైనను నిండకమునుపే పరలోకగతులైరి. మరుసటి యేట తమకు జన్మించిన కుమార్తెకు లక్ష్మణరావుగారు అక్కగారి పేరే పెట్టుకొనిరి.

గ్రంథాలయములు వెలసెను, కాని వానిలో నుంచుటకు తగిన పుస్తకములు ఎక్కడివి? అలమార లుండియు అందులో శాస్త్రగ్రంథములు లేనిచో ప్రయోజనమేమి? ఈ ప్రశ్నకు సమాధానముగా 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపింపబడెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మున్నగువారు ఈ కార్యమున తోడ్పడిరి. మండలి మొదట ప్రకటించిన గ్రంథము హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. పేద యింట పుట్టి, బడిలో చదివిన దినములు కొలదియే యైనను, స్వయంకృషితో చదివి అమెరికా దేశాధ్యక్షుడైన లింకను జీవితమే తొలి పుస్తకము కాదగినది.

తరువాత లక్ష్మణరావుగారి హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము వెలువడెను. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మండలి ప్రచురణములే. చరిత్రాత్మక నవలలకు పోటీలు పెట్టి బహుమతు లిచ్చిరి. చందాదారులు ముందుగా చేరుట వలన ముద్రణవ్యయమునకు ఆధారము కలిగెను. ఇట్లు పట్టణములకు దూరమున నుండు పాఠకునకును పుస్తకములు చేరుచుండెను. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తెను. ఆ సంవత్సరముననే మండలి కార్యస్థానము చెన్నపట్టణమునకు మారెను.

ఒక్కొక్క శాస్త్రమునకు ఒక్కొక్క గ్రంథము వెలువడుచుండగా, లక్ష్మణరావుగారి చూపు అంతకంటె పెద్ద కార్యముపై పడెను. ఆంగ్లేయులకు సకల విషయములను అకారాది క్రమమున తెలుపు బృహద్గ్రంథములు కలవు. తెలుగువారి కొరకు అట్టిది రచింపవలెనని ఆయన సంకల్పించిరి. అదియే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. 1912-13 ప్రాంతమున చెన్నపట్టణమున ఈ పని ప్రారంభమయ్యెను.

ఇది రాజులు చేయదగిన పని. దానిని ఒక దివాను తలకెత్తుకొనెను. తెలుగున లేని శాస్త్రపదములను సృష్టింపవలెను. ప్రతి విషయమును నిపుణులచే వ్రాయింపవలెను, వ్రాసినదానిని పరిశీలింపవలెను, ధనము సమకూర్పవలెను. వేదములు, వ్యాకరణము, చరిత్రము మున్నగు విషయములపై అనేక వ్యాసములను ఆయనే వ్రాసిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు ఆయనకు సహాయకులుగా పనిచేసిరి. శర్మగారు కళాశాల పట్టములు లేకయే గ్రంథాలయములలో కూర్చుండి శాసనములు చదువ నేర్చి చరిత్రకారులైనవారు. రాజద్రోహ నేరముపై శిక్షననుభవించి 1911లో విడుదలైన హరిసర్వోత్తమరావుగారిని చేరదీయుటకు పలువురు జంకుచుండిన కాలమున, లక్ష్మణరావుగారు వెనుదీయక ఆయనకు తోడుగా నిలిచిరి. పట్టములను గాక పాండిత్యమును, భయమును గాక స్నేహమును లెక్కించుట ఆయన స్వభావము.

మూడు సంపుటములు వెలువడిన పిమ్మట ఆ మహాకార్యము నిలిచిపోయెను. అక్షరమాల యొక్క తొలి మెట్లయొద్దనే అది ఆగెను. ధనము చాలలేదు, ఉబ్బసవ్యాధి ఆయన దేహమును కృశింపజేయుచుండెను. స్వయముగా పరిశోధించిన విషయములను విపులగ్రంథములుగా వ్రాసికొనుటకు ఆయనకు తీరిక చిక్కలేదు. తమ పేరు నిలుచు గ్రంథములను వ్రాయుటయా, పదుగురికి పనికివచ్చు గ్రంథములను వ్రాయించుటయా అను ప్రశ్న వచ్చినపుడెల్ల ఆయన రెండవదానినే ఎంచుకొనిరి. అందుకు చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. ఆయన పరిశోధనలలో అధికభాగము వ్యాసములుగనే మిగిలి, పిమ్మట లక్ష్మణరాయ వ్యాసావళి యను పేర గ్రంథరూపము దాల్చెను. 1923వ సంవత్సరము జూలై 12వ తేదీన చెన్నపట్టణమున ఆయన స్వర్గస్థులైరి. అప్పటికి ఆయన వయస్సు నలుబదియారు సంవత్సరములు మాత్రమే.

ఆయన ప్రారంభించిన పనులు ఆయనతో ముగియలేదు. విజ్ఞాన సర్వస్వమును 1930వ దశకమున కాశీనాథుని నాగేశ్వరరావుగారు మరల చేపట్టిరి. ఆదిరాజు వీరభద్రరావుగారు మున్నగువారు హైదరాబాదులో నడపిన పరిశోధక సంఘము లక్ష్మణరాయ పరిశోధక మండలి యను పేరు దాల్చి, తెలంగాణా శాసనములను ప్రకటించెను. హరిసర్వోత్తమరావుగారు 1960లో మరణించువరకు గ్రంథాలయములకును వయోజన విద్యకును పాటుపడిరి. మేనత్త పేరు ధరించిన కుమార్తె కొమర్రాజు అచ్చమాంబగారు వైద్యవిద్య నభ్యసించి, 1957లో విజయవాడ నుండి లోకసభకు ఎన్నికైరి. ఒక అచ్చమాంబ తమ్ముని పాఠములను విని చదువుకొనెను. మరియొక అచ్చమాంబ వైద్యురాలై దేశపు చట్టసభలో కూర్చుండెను. ఈ రెండు జీవితముల నడుమ జరిగిన మార్పులో లక్ష్మణరావుగారి వంటివారి కృషి ఎంతయో కలదు.

సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నేటికిని నిలిచియున్నది. ఒక గృహస్థుని యింట ప్రారంభమైన ఆ సంస్థ నూరేండ్లు దాటి జీవించినది. బాలలారా! మీరు త్వరలో పాఠశాల విడిచి వెళ్లెదరు. ఆనాడు మీ చదువు ముగిసినదని తలంపకుడు. మీ గ్రామమున గ్రంథాలయమున్నచో దాని గడప తొక్కుడు. సభ జరిగినచో పోయి వినుడు. మీరు తెలిసికొనిన దానిని, చదువు దొరకని మీ అక్కకో అవ్వకో చెప్పుడు. లక్ష్మణరావుగారి ఋణమును మనము తీర్చుకొనగల మార్గమిదియే.