సర్ ఆర్థర్ కాటన్ దొరగారు - మన సీమ నేర్వవలసిన పాఠము



కాటన్ దొరగారి పేరు చెప్పగానే మనకు ధవళేశ్వరం ఆనకట్ట జ్ఞాపకం వస్తుంది. కాని మన కర్నూలు, కడప సీమకు కూడా ఆయన జీవితముతో గట్టి సంబంధమున్నది. శతవార్షికోత్సవ సమయమున ఆ సంగతి తలచుకొనుట యుక్తమని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి 1821లో మన దేశానికి వచ్చారు. ఆయన భక్తిపరుడైన క్రైస్తవుడు. తంజావూరు ప్రాంతంలో కొల్లడంపై ఆనకట్టలు కట్టి నదుల స్వభావం నేర్చుకున్నారు. ఆ తరువాత గోదావరి మండలానికి వెళ్లారు. ఆ తీర ప్రాంతాన్ని 1833 కరువు మాడ్చగా, 1839 ఉప్పెన ముంచివేసింది. కరువు, వరద రెండూ ఒకే నేలకు వచ్చే కష్టాలని, నీటిని అదుపులో పెట్టనిచోట రెండింటి బాధా తప్పదని ఆయన గ్రహించారు. 1847లో ఆరంభించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తియైనది. 1861లో ఆయనకు సర్ బిరుదు లభించింది.

తుంగభద్ర నీటిని మన మెట్టభూములకు మళ్లించవలెనన్న తలంపు కూడా ఆయనదే. అందుకై ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, 1863లో కాలువ పని మొదలుపెట్టింది. నంద్యాల మీదుగా కుందూ లోయగుండా కడప వరకు సాగిన ఆ కాలువే మన కె.సి. కెనాల్.

అయితే ఈ పని గోదావరి పనివలె ఫలించలేదు. ఖర్చు అంచనాలను మించిపోయింది. కంపెనీ పెట్టుబడిపై ప్రభుత్వం నూటికి 5 చొప్పున వడ్డీకి హామీ ఇచ్చినందున ఆ భారం ప్రజాధనం మీద పడింది. నల్లరేగడిలో వానపైనే జొన్న, పత్తి పండించుకొనే రైతు నీటితీరువ చెల్లించి, నేల చదునుచేసి మాగాణి సాగుకు దిగుటకు వెనుకాడినాడు. కాలువ త్రవ్వినవారు రైతు స్థితిని చాలినంత విచారించలేదు. 1876-78 ధాత కరువులో కర్నూలు జిల్లా జనాభాలో సుమారు నాలుగవ వంతు తరిగిపోయింది. 1878లో పార్లమెంటు సంఘం కాటన్ గారిని విచారించగా, వృద్ధాప్యంలో కూడా ఆయన నీటిపారుదల పక్షాన నిలిచి వాదించారు. 1882లో కాలువను ప్రభుత్వం కొనివేసింది. 1899 జూలైలో, 96 ఏండ్ల వయసున, ఆయన ప్రభువునందు నిద్రించారు.

ఆయన పోయిన నూట పదేండ్లకు సుంకేసుల పేరు మరల మన చెవుల మారుమ్రోగింది. 2009లో వానలు లేక సీమ అల్లాడుచుండగా, అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచినవి. శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2021 నవంబరు 19న పింఛా జలాశయం కట్ట తెగిన నీరు కూడా తోడై, చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకొనిపోయింది. రాజంపేట ప్రాంత గ్రామాలలో పదులకొలది ప్రాణాలు పోయినవి. కరువు సీమకు వరద ఏమిటిలే అనే ధీమా మనకిక తగదు.

కాటన్ గారి విజయంనుండి ముందుచూపును, వైఫల్యంనుండి ప్రజలను కలుపుకొని పోవలెనన్న బుద్ధిని నేర్చుకొందము. యోసేపు సమృద్ధి కాలంలోనే కరువుకు సిద్ధపడినాడు. మనం ఎండకాలంలోనే వరదకు సిద్ధపడవలెను. వంకలు, చెరువు కట్టలు ఆక్రమించి ఇండ్లు కట్టుకొనరాదు. కట్టలు, తూములు, గేట్లు బాగున్నవో లేవో ఊరివారు ఏటేటా చూచి, లేనిచో అధికారులను అడుగవలెను. ఒంటరి వృద్ధులు, రోగులు, మంచం పట్టినవారు ఎవరెవరో ప్రతి సంఘం ముందే వ్రాసిపెట్టుకొనవలెను. ఎగువన నీరు వదలిన కబురు రాత్రివేళ వచ్చినా గుడి గంట మ్రోగించి, మెరకనున్న గుడి తలుపులు కులమత భేదం లేకుండ అందరికీ తెరువవలెను.

రానున్న నూరేండ్లలో మన సంఘములు పొరుగువారికి ఇట్టి ఆశ్రయముగా ఉండునట్లు దేవుడు కృప చూపునుగాక. ఆమేన్.