బెర్తా పాపెన్‌హైమ్

బెర్తా పాపెన్‌హైమ్ (ఫిబ్రవరి 27, 1859 - మే 28, 1936) ఆస్ట్రియాలో జన్మించి జర్మనీలో స్థిరపడిన ప్రముఖ యూదు సంఘసేవకురాలు, రచయిత్రి, స్త్రీల హక్కుల ఉద్యమ నాయకురాలు. మనోవైద్య చరిత్రలో ఈమె అన్నా ఓ అనే మారుపేరుతో ప్రసిద్ధురాలు. భయాలను, ఆందోళనను సంభాషణ ద్వారా తగ్గించే చికిత్సకు తొలి ఉదాహరణగా ఈమె వృత్తాంతాన్ని పేర్కొంటారు. ఆ చికిత్సకు పేరు పెట్టినది కూడా రోగిగా ఉన్న ఈమెయే.

బాల్యం, విద్య

ఈమె వియన్నా నగరంలో ఆచారపరాయణులైన సంపన్న యూదు కుటుంబంలో జన్మించింది. తండ్రి పేరు సీగ్మండ్, తల్లి రేకా. తల్లి పుట్టినిల్లు ఫ్రాంక్‌ఫర్ట్. అక్క హెన్రియెట్ 1867లో క్షయవ్యాధితో మరణించింది. బెర్తా ఇంగ్లీషు, ఫ్రెంచి, ఇటాలియన్ భాషలు నేర్చినా, పదహారవ ఏట పాఠశాల చదువు ముగిసింది. తమ్ముడు విల్‌హెల్మ్ ఉన్నత విద్యకు వెళ్ళగా, ఈమె కుట్టుపని, ఇంటి పనులతో కాలం గడపవలసి వచ్చింది. ఆ కాలపు సంపన్న కుటుంబాల ఆడపిల్లల జీవనం అలాగే ఉండేది.

అనారోగ్యం

1880 వేసవిలో తండ్రి ఊపిరితిత్తులకు సంబంధించిన వ్యాధితో మంచం పట్టాడు. బెర్తా రాత్రులు మేల్కొని ఆయనకు పరిచర్య చేసేది. ఒక రాత్రి మంచం పక్కన కుర్చీలో కునుకు తీస్తుండగా, గోడ వైపు నుండి నల్లని పాము తండ్రిని కాటు వేయడానికి వస్తున్నట్లు భ్రాంతి కలిగింది. తోలుదామంటే కుర్చీ వీపు మీద వేలాడుతున్న కుడిచేయి తిమ్మిరెక్కి కదలలేదు. ఆ తరువాత పామును తలపించే వంకర కొమ్మ కనిపించినా ఆ చేయి బిగుసుకుపోయేది. క్రమంగా విడువని దగ్గు, చూపులో లోపం, కాళ్ళుచేతులు చచ్చుబడటం వంటి లక్షణాలు తోడయ్యాయి. కొంతకాలం మాతృభాషయైన జర్మన్ పలకలేక, ఇంగ్లీషులో మాత్రమే మాట్లాడింది. 1881 ఏప్రిల్ 5న తండ్రి మరణించడంతో పరిస్థితి మరింత విషమించింది. నాటి వైద్యులు ఇటువంటి లక్షణాలను హిస్టీరియా అనేవారు.

మాటల చికిత్స

వియన్నాలో పేరుపొందిన వైద్యుడు యోసెఫ్ బ్రాయర్ 1880 చివర నుండి 1882 జూన్ వరకు ఈమెకు చికిత్స చేశాడు. సాయంత్రం వేళల్లో ఈమె తనంతట తానే ఒక విధమైన సుషుప్తిలోకి జారుకొని, మనసులో మెదిలే కథలను, భయంకర దృశ్యాలను చెప్పేది. చెప్పడం పూర్తయ్యాక మనసు తేలికపడి శాంతించేది. బ్రాయర్ ఊరిలో లేని రోజులలో ఆందోళన మళ్ళీ పేరుకొనేది. ఈ పద్ధతికి ఈమె ఇంగ్లీషులో మాటల చికిత్స అని అర్థం వచ్చే పేరు పెట్టింది. సరదాగా పొగగొట్టం శుభ్రపరచడం అని కూడా అనేది.

1881 వేసవి ఎండలలో, దాహం బాధిస్తున్నా ఈమె నీటి గ్లాసు పెదవులకు తాకగానే తోసివేసేది. ఇది కుక్కకాటు వలన వచ్చే జలభయం వంటిది కాదు. సుమారు ఆరు వారాలు పండ్లతోనే దాహం తీర్చుకొంది. ఒకనాడు సుషుప్తిలో, తనకు తోడుగా ఉండే ఆంగ్ల మహిళ గదిలో జరిగిన సంఘటనను చెప్పింది. ఆమె పెంపుడు కుక్క గ్లాసులో నీళ్ళు తాగడం చూసి ఏవగింపు కలిగినా, మర్యాద కోసం ఆనాడు నోరు విప్పలేదు. అణచుకొన్న కోపాన్ని వెళ్ళగక్కిన తరువాత నీళ్ళు అడిగి త్రాగింది. ఆ ఇబ్బంది మరల రాలేదని బ్రాయర్ వ్రాశాడు. అప్పటి నుండి ఒక్కొక్క లక్షణం మొదట ఎప్పుడు కలిగిందో వెనుకకు వెదుకుతూ చెప్పించడమే చికిత్స అయింది.

ఫలితంపై వివాదం

బ్రాయర్, సిగ్మండ్ ఫ్రాయిడ్ కలిసి 1895లో హిస్టీరియాపై ప్రచురించిన గ్రంథంలో ఈ వృత్తాంతం అచ్చయింది. బి.పి. అనే పొడి అక్షరాలకు ఇంగ్లీషు అక్షరమాలలో ముందుండే ఏ, ఓ అక్షరాల నుండి అన్నా ఓ అనే పేరు కల్పించారు. పూర్తి ఆరోగ్యానికి చాలాకాలం పట్టినా, లక్షణాలు తొలగిపోయాయని అందులో ఉంది. అయితే 1970లలో పరిశోధకులు వెలికితీసిన వైద్య పత్రాలు వేరొక చిత్రాన్ని చూపాయి. చికిత్స ముగిసిన మరుసటి నెలలోనే, 1882 జూలైలో, ఈమె స్విట్జర్లాండులోని క్రాయిట్స్‌లింగెన్ ఆరోగ్యాశ్రమంలో చేరింది. ముఖపు నరాల నొప్పికి ఇచ్చిన మార్ఫిన్‌కు అప్పటికే అలవాటు పడింది. తరువాతి సంవత్సరాలలో కూడా ఆసుపత్రులలో ఉండవలసి వచ్చింది. వ్యాధి స్వభావంపై కూడా వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. మాట్లాడటం వలన కొన్ని భయాలకు ఉపశమనం దొరికిన మాట నిజమే కాని, సంపూర్ణ స్వస్థత అప్పుడే చేకూరలేదు. ఆధునిక పద్ధతులలో సంభాషణతో పాటు, భయపెట్టే వస్తువును క్రమక్రమంగా ఎదుర్కొనే అభ్యాసానికి కూడా ప్రాధాన్యం ఉంది.

సంఘసేవ

1888లో తల్లితో ఫ్రాంక్‌ఫర్ట్ చేరిన తరువాత ఈమె జీవితం మలుపు తిరిగింది. 1895లో యూదు బాలికల అనాథాశ్రమ నిర్వహణ చేపట్టింది. పి. బెర్తోల్డ్ అనే కలంపేరుతో రచనలు చేసింది. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల గ్రంథాన్ని 1899లో జర్మన్‌లోకి అనువదించింది. 1904లో యూదు మహిళా సమాఖ్యను స్థాపించి, 1924 వరకు అధ్యక్షురాలిగా వ్యవహరించింది. వ్యభిచారం కోసం బాలికలను అమ్మే ముఠాలకు వ్యతిరేకంగా గలీషియా తదితర ప్రాంతాలలో పర్యటించింది. 1907లో నాయ్-ఈసెన్‌బుర్గ్‌లో అవివాహిత తల్లులకు, నిరాశ్రయ బాలికలకు ఆశ్రయం నెలకొల్పింది. తన అనారోగ్యపు రోజుల గురించి ఈమె ఎన్నడూ ప్రస్తావించలేదు. తన సంరక్షణలోని వారికి మనోవిశ్లేషణ చేయించడానికి కూడా అంగీకరించలేదు.

మరణం, గుర్తింపు

1936లో, తీవ్ర అనారోగ్యంతో ఉన్నప్పటికీ, ఆశ్రమ బాలిక ఒకరు హిట్లర్ గురించి అన్న మాటపై నాజీ పోలీసుల విచారణకు హాజరై నిబ్బరంగా సమాధానం ఇచ్చింది. అదే సంవత్సరం మే 28న నాయ్-ఈసెన్‌బుర్గ్‌లో మరణించింది. ఫ్రాంక్‌ఫర్ట్ యూదు శ్మశానంలో తల్లి సమాధి పక్కనే ఈమె సమాధి ఉంది. ఈమె నెలకొల్పిన ఆశ్రయంపై 1938 నవంబరులో దాడి జరిగింది. 1942లో నాజీలు దానిని మూసివేశారు. అన్నా ఓ ఈమెయేనని 1953లో ఫ్రాయిడ్ జీవితచరిత్రకారుడు ఎర్నెస్ట్ జోన్స్ వెల్లడించాడు. 1954లో పశ్చిమ జర్మనీ ఈమె గౌరవార్థం తపాలా బిళ్ళను విడుదల చేసింది. అది మానవాళికి సేవ చేసినవారిని స్మరించే వరుసలోనిది.