రోగి పక్కన నిలిచిన సోదరి: డాక్టర్ మేరీ గ్లౌరీ



మన బ్రాడీపేటకు పల్నాడు నుండి, ఒంగోలు వైపు నుండి రోజూ రోగులు వస్తుంటారు. పత్తి అమ్మిన డబ్బో, మిర్చి టిక్కీలు అమ్మిన డబ్బో మూటగట్టుకుని వస్తారు. అనేకులు స్వస్థత పొంది వెళ్తారు. కొందరిని మాత్రం, చేయగలిగినదంతా చేశామని చెప్పి, డాక్టర్లు ఇంటికి పంపిస్తారు. అక్కడితో ఆసుపత్రి పని ముగుస్తుంది. ఆ ఇంటి భార్యకో, కూతురికో, కోడలికో అసలు పని అప్పుడే మొదలవుతుంది. మంచాన పడిన మనిషిని పుండ్లు పడకుండా ఎలా తిప్పి పడుకోబెట్టాలి, మింగలేని నోటిని ఎలా తడపాలి, అర్ధరాత్రి నొప్పి లేస్తే ఏం చేయాలి? ఇవి ఆమెకు నేర్పేవారు అరుదు. ఈ లోటును గూర్చి ఆలోచించేటప్పుడు, ఇదే గుంటూరులో దశాబ్దాలపాటు వైద్యం చేసిన ఒక స్త్రీ జీవితాన్ని జ్ఞాపకం చేసుకోవడం మనకు మేలు.

మేరీ గ్లౌరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బిర్రెగర్రా అనే ఊరిలో జన్మించారు. తొమ్మిదిమంది సంతానంలో ఆమె మూడవవారు. స్కాలర్‌షిప్పు సంపాదించుకుని చదువుకున్నారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో మొదట ఆర్ట్స్‌లో చేరినా, తరువాత వైద్యవిద్యకు మారి 1910లో పట్టా పొందారు. స్త్రీలకు ఆసుపత్రులలో ఉద్యోగం దొరకడమే కష్టమైన రోజులవి. ఆమె న్యూజిలాండ్ వెళ్ళి, క్రైస్ట్‌చర్చ్‌లో పనిచేసి, మళ్ళీ మెల్‌బోర్న్ చేరుకున్నారు. అక్కడి కంటి, చెవి ఆసుపత్రిలోనూ, సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలోనూ సేవ చేస్తూ, కాలిన్స్ స్ట్రీట్‌లో సొంత ప్రాక్టీసు కూడా పెట్టారు. పేరుకూ సంపాదనకూ లోటులేని దారి ఆమె ముందు తెరచుకుంది.

1915లో ఒక చిన్న కరపుస్తకం ఆమె చేతికి వచ్చింది. అది స్కాట్లండ్‌కు చెందిన డాక్టర్ ఆగ్నెస్ మెక్లారెన్‌ను గూర్చినది. మగ డాక్టరు ముందుకు రాలేక, వైద్యం అందక చనిపోతున్న భారత స్త్రీల కోసం వృద్ధాప్యంలో పాటుపడిన వ్యక్తి మెక్లారెన్. ఆ పుస్తకం చదివిన తరువాత మేరీ గ్లౌరీ తన పిలుపు ఏమిటో గ్రహించారు. కానీ వెంటనే ఓడ ఎక్కలేదు. ప్రపంచ యుద్ధం సాగుతున్న కాలమది. ఆమె ఆ సంవత్సరాలను వృథా చేయలేదు. 1916లో ఏర్పడిన కాథలిక్ స్త్రీల సాంఘిక సేవా సమాజానికి మొదటి అధ్యక్షురాలిగా ఉన్నారు. ప్రసూతి, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం ప్రధానంగా అభ్యసించి 1919లో ఎం.డి. పట్టా పొందారు. వెళ్ళే చోట ఏ జబ్బులు ఎదురవుతాయో వాటికి తగిన చదువు ముందే చదువుకున్నారు. పిలుపు ఉంటే చాలు, శిక్షణ అక్కరలేదని ఆమె అనుకోలేదు.

1920 ఫిబ్రవరిలో ఆమె గుంటూరు చేరారు. ఈ పట్టణంలో లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కూగ్లర్ గారు స్త్రీల వైద్యానికి అప్పటికే పునాది వేసి ఉన్నారు. మేరీ గ్లౌరీ చేరినది హాలెండ్ నుండి వచ్చిన జె.ఎం.జె. కన్యాస్త్రీల సమాజంలో. ఆమె సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అనే పేరు ధరించారు. ఆ కాలపు కాథలిక్ సంఘ నియమాలు కన్యాస్త్రీలు డాక్టర్లుగా, ముఖ్యంగా ప్రసూతి వైద్యులుగా, పనిచేయడానికి అడ్డుగా ఉండేవి. పోపు పదిహేనవ బెనెడిక్ట్ ప్రత్యేక అనుమతి ఇవ్వడంతో ఆమె వైద్యం కొనసాగించగలిగారు. మిగిలిన కన్యాస్త్రీలకు ఆ తలుపు 1936లో గాని తెరచుకోలేదు.

చిన్న మందుల గదిగా ఉన్న పని ఆమె చేతుల మీదుగా సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా పెరిగింది. ఊళ్ళకు వెళ్ళి కూడా రోగులను చూసేవారు. అయితే ఒక్క డాక్టరు ఎంత కష్టపడినా ఒక జిల్లాకు సరిపోరని ఆమెకు త్వరలోనే తెలిసింది. అందుకే స్థానిక స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. మందులు కలిపి ఇచ్చేవారిగా, మంత్రసానులుగా, నర్సులుగా వారిని తయారుచేశారు. ఆమె చేసిన వైద్యం ఆమెతో ఆగిపోయి ఉండవచ్చు. నేర్పిన పని మాత్రం నేర్చుకున్నవారి చేతుల్లో ఊళ్ళకు చేరింది.

1943 జూలై 29న మరి కొందరు కన్యాస్త్రీలతో కలిసి ఆమె కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. ఎక్కడికక్కడ ఒంటరిగా పనిచేస్తున్న నర్సులు, డాక్టర్లు ఒకరికొకరు ఆసరాగా ఉండాలన్నది దాని ఉద్దేశం. నేడు కాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అనే పేరుతో, సికింద్రాబాద్ కేంద్రంగా, మూడు వేలకు పైగా సంస్థలతో అది కొనసాగుతున్నది. సేవచేసేవారికి కూడా ఆదరణ కావాలని ఆమె ఎరిగి ఉన్నారు.

చివరికి ఆ వైద్యురాలే రోగి అయ్యారు. క్యాన్సర్ ఆమె శరీరాన్ని పట్టుకుంది. ఎందరి మంచాల పక్కనో నిలబడిన ఆమె ఇతరుల చేతి సేవ మీద ఆధారపడవలసి వచ్చింది. ఆ వ్యాధి బాధను విశ్వాసంతో సహించి, 1957 మే 5న బెంగళూరులో, 69వ ఏట ప్రభువునందు నిద్రించారు. 2013లో కాథలిక్ సంఘం ఆమెను దేవుని సేవకురాలిగా ప్రకటించింది.

ఆమె మరణించిన పదేళ్ళకు, 1967లో, డాక్టర్ సిసిలీ సాండర్స్ లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను తెరిచారు. మరణపడక మీద ఉన్నవారి నొప్పి దేహానికి మాత్రమే చెందినది కాదనీ, మనసుకూ కుటుంబానికీ ఆత్మకూ చెందినదనీ ఆమె బోధించారు. దానినే ఈనాడు పాలియేటివ్ కేర్ అంటున్నాం. మన దేశంలో మొదటి హాస్పిస్ 1986లో ముంబాయిలో వచ్చింది. కేరళలో ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది ఇళ్ళకు వెళ్ళి రోగులను చూస్తున్నారు. 2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా ఈ సేవను చేర్చుకుంది. అయినా లోకమంతటా ఇది అవసరమైనవారిలో సుమారు 14 శాతానికే అందుతున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ప్రియులారా, ఇక్కడ సంఘం తనను తాను పరీక్షించుకోవాలి. మంచాన ఉన్నవారి కోసం మనం ప్రార్థిస్తాం, అది మంచిది. కానీ నొప్పితో మూలుగుతున్న మనిషితో విశ్వాసం చాలదని చెప్పేవారు మన మధ్య ఉన్నారు. డాక్టరు రాసిన మార్ఫిన్ మాత్రను పాపమన్నట్టు, మత్తుమందన్నట్టు చూసి దాచిపెట్టే కుటుంబాలూ ఉన్నాయి. సరైన మోతాదులో, డాక్టరు పర్యవేక్షణలో వాడితే అది నొప్పిని తగ్గించే ఔషధం. దానిని రోగులకు అందుబాటులోకి తేవడానికే 2014లో చట్టాన్ని కూడా సవరించారు. సమరయుడు గాయపడినవాని మీద నూనెయు ద్రాక్షారసమును పోసి గాయాలు కట్టాడు. అతని విశ్వాసం ఎంతని అడగలేదు.

మన స్త్రీల సమాజాలు, యౌవనుల కూడికలు ఏడాదికి ఒకసారైనా ఒక నర్సును పిలిచి, ఇంటివద్ద రోగిని చూసుకునే విధానం నేర్చుకోవచ్చు. వారానికి ఒక మధ్యాహ్నం రోగి పక్కన మనం కూర్చుంటే, నెలల తరబడి నిద్రలేని ఆ ఇంటి ఇల్లాలు కాసేపు పడుకోగలదు. కాపరులు పరామర్శకు వెళ్ళినప్పుడు రోగి కోసం ప్రార్థించిన తరువాత, సేవచేస్తున్నవారు భోంచేశారా అని కూడా అడగాలి. యోబు స్నేహితులు ఏడు దినాలు నోరు విప్పక అతనితో నేల మీద కూర్చున్నారు. వారు చేసిన మేలు అదే. మాట్లాడడం మొదలుపెట్టాకే చెడింది.

స్వస్థపరచేవాడు దేవుడే. స్వస్థత రాని ఇంటిని విడిచిపెట్టకుండా ఉండే పని మాత్రం మనకు అప్పగించబడింది. మేరీ గ్లౌరీ నేర్చుకుని, నేర్పి, చివరకు తానే ఆ సేవ అందుకున్నారు. ఈ వారం మన సంఘంలో అటువంటి ఇల్లు ఏదో తెలుసుకుని, ఆ గడప తొక్కుదము. ప్రభువు అందుకు మనకు కృప అనుగ్రహించును గాక. ఆమెన్.